డిజిటల్ అరైవల్ కార్డు ఒక్కటే ఉండాలా, కాగితపు ఫారం కూడా ఉంచాలా?

కావలి పంతులమ్మ:
విదేశంలో దిగే ప్రయాణికులు తమ వివరాలు, బస ఎక్కడో ఆ దేశ అధికారులకు తెలిపే ఫారమే అరైవల్ కార్డు. సింగపూర్ 2020 మార్చి 27 నుంచి కాగితపు అరైవల్ కార్డును ఎత్తివేసింది. మలేసియా 2024 జనవరి 1 నుంచి, థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ కార్డును తప్పనిసరి చేశాయి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చెన్నై వెళ్లి ఈ దేశాలకు విమానం ఎక్కేవారిలో, కూతురి పురుటికో, పిల్లలు ఉద్యోగాలకు వెళితే మనవణ్ని చూసుకోవడానికో బయలుదేరే పెద్దవాళ్లు తక్కువేమీ కాదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు చూడడం తప్ప ఫోన్‌తో మరో పని ఎరగని వారిని, ఈ-మెయిల్ చిరునామా ఇస్తేగానీ ముందుకు కదలని ఫారం నింపమనడం న్యాయమా?

మా పక్కింటావిడ సింగపూర్ ప్రయాణానికి ఇక్కడి ఒక నెట్ సెంటర్‌లో ఈ కార్డు నింపించుకుంటే వెయ్యి రూపాయలు తీసుకున్నారు. ఆ దేశ ప్రభుత్వం పైసా అడగని కార్డు అది. పైగా రసీదు మీద 'వీసా సర్వీసు' అని రాసిచ్చారు. వీసా వేరు, ఈ కార్డు వేరు అని ఆమెకు చెప్పినవారు లేరు. డిజిటల్ కార్డును తీసివేయమని నేను అనడం లేదు. చదువు రాని వారికి, ఫోన్ వాడకం తెలియని వారికి విమానంలోనే ఒక కాగితం ఇచ్చే పద్ధతిని కూడా ఉంచాలని అంటున్నాను.

ట్రంకురోడ్డు నెల్లూరు:
పంతులమ్మ గారూ, మీ ఆవేదన అర్థమవుతోంది కానీ మీరు సూచిస్తున్న పరిష్కారంతో నేను ఏకీభవించలేను. కాగితపు కార్డు రోజుల్లో చదువు రాని వారి పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండేదని అనుకోవడం పొరపాటు. విమానం దిగడానికి ముందు కార్డులు పంచేవారు. వాటిని ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం చొప్పున నింపాలి. రాయడం రాని పెద్దాయన తన పాస్‌పోర్టును పక్క సీటులోని ముక్కూ ముఖం తెలియని మనిషి చేతిలో పెట్టి 'కాస్త రాసిపెట్టు నాయనా' అని బతిమాలుకునేవాడు. అక్కడ కుదరకపోతే దిగిన తరువాత గోడవార బల్ల దగ్గర నిలబడి, పెన్ను ఉన్నవారి కోసం చూస్తూ ఉండగానే వెనుక వచ్చిన విమానం జనం కూడా వరుసలోకి చేరిపోయేవారు. ఇప్పుడు అదే పెద్దాయన కోసం కొడుకు తన ఇంట్లో కూర్చుని, పాస్‌పోర్టు ఫొటో చూసుకుంటూ, తాపీగా నింపవచ్చు. సహాయం అప్పుడూ కావలసిందే, ఇప్పుడూ కావలసిందే. అది సొంతవారి నుంచి అందే అవకాశం ఇప్పుడే ఎక్కువ.

కందుకూరు టు సింగపూర్:
నేను ఇక్కడ సింగపూర్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. అమ్మా నాన్నా వచ్చిన ప్రతిసారీ వారి కార్డులు నేనే నింపుతాను కనుక కొన్ని వివరాలు చెబుతాను.

సింగపూర్ కార్డును చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపలే సమర్పించాలి. పదో తేదీన చేరేవారు ఎనిమిదో తేదీ నుంచి నింపవచ్చు. అంతకుముందు నింపుదామంటే కుదరదు. మనవాళ్లు తడబడేది ఇక్కడే. చెన్నై నుంచి వచ్చే విమానాలు చాలావరకు రాత్రి పొద్దుపోయాక బయలుదేరి మరునాడు తెల్లవారేసరికి ఇక్కడికి చేరతాయి. టికెట్టు మీద పెద్దగా కనిపించే తేదీ బయలుదేరే తేదీ, కార్డులో అడిగేది చేరే తేదీ. పైగా ఇక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది.

అంతకంటే ముఖ్యమైన విషయం ఈ-మెయిల్. సింగపూర్‌లో ఇప్పుడు సందర్శకుల పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. ఎన్నాళ్లు ఉండవచ్చో, ఏ తేదీలోగా వెళ్లిపోవాలో తెలిపే ఈ-పాస్, కార్డులో ఇచ్చిన ఈ-మెయిల్‌కే వస్తుంది. నెట్ సెంటర్ కుర్రాడు తన సొంత ఈ-మెయిల్ పెట్టి నింపితే, మీ పక్కింటావిడ ఉండదగిన గడువు కావలిలోని ఆ దుకాణానికి చేరుతుందన్నమాట. ఆ గడువును ఇక్కడి ఇమిగ్రేషన్ వెబ్‌సైటులో మళ్లీ చూసుకునే మార్గం ఉంది కానీ, అది ఉందని ఆవిడకు ఎవరు చెబుతారు? వెయ్యి రూపాయలు పోవడం కంటే నాకు ఇదే ఎక్కువ భయం కలిగిస్తోంది.

నకిలీ వెబ్‌సైట్ల సంగతి కూడా చెప్పాలి. అసలు సైటు చిరునామాలో సింగపూర్‌కు 'గవ్ డాట్ ఎస్‌జీ', మలేసియాకు 'గవ్ డాట్ ఎంవై', థాయ్‌లాండ్‌కు 'జీవో డాట్ టీహెచ్' ఉంటుంది. ఈ మూడు దేశాల కార్డులూ ఉచితమే. డబ్బు అడిగిన సైటును అక్కడికక్కడే మూసివేయండి.

ఉదయగిరి మెట్ట:
ఇంతవరకు పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల గురించే మాట్లాడారు. మా మెట్ట ప్రాంతం నుంచి కూలి కోసం వెళ్లేవారి సంగతి కూడా చూడండి. వారి కార్డు నింపేది కొడుకూ కాదు, నెట్ సెంటరూ కాదు, ఏజెంటు. మన దేశస్థులు 30 రోజుల వరకు వీసా లేకుండా మలేసియాకు సందర్శనకు వెళ్లే వెసులుబాటు 2023 డిసెంబరు 1 నుంచి ఉంది. ఆ వెసులుబాటును పనికి వెళ్లే దారిగా చూపించి అమాయకులను విమానం ఎక్కిస్తున్నవారు ఉన్నారు. కార్డులో ప్రయాణ కారణం సందర్శన అని, బస ఫలానా హోటల్ అని ఏజెంటు నింపుతాడు. వెళ్లేవాడికి ఆ హోటల్ పేరు కూడా తెలియదు. కౌంటర్ దగ్గర అధికారి 'ఎక్కడ ఉంటావు, ఎన్నాళ్లు ఉంటావు' అని అడిగితే నోరు పెగలదు. అప్పు చేసి బయలుదేరినవాడిని అటునుంచి అటే వెనక్కి పంపుతారు.

పదో తరగతి కూడా లేక, ఇసిఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ తనిఖీ అవసరం) ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో మలేసియాకు పనికి వెళ్లేవారు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ముందుగా మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సందర్శకుడిగా పంపితే ఆ రక్షణ మొత్తం పోతుంది. కాగితపు కార్డయితే కనీసం ఆ మనిషి తన చేత్తో సంతకం పెట్టేవాడు, లేదా తన కళ్ల ముందు ఇంకొకరు రాసేవారు. ఇప్పుడు తన పేరు మీద ఏమి ప్రకటించారో తనకే తెలియకుండా అంతా అయిపోతోంది. అందుకే నేను పంతులమ్మ గారి పక్షం.

ఒంగోలు సౌత్ బైపాస్:
నాది వేరే సందేహం. టికెట్టు కొన్నప్పుడు, చెక్-ఇన్ చేసినప్పుడు విమాన సంస్థ మన పాస్‌పోర్టు వివరాలన్నీ తీసుకొని ఆ దేశానికి ముందే పంపుతుంది కదా, మళ్లీ ఈ కార్డు ఎందుకు? మన ప్రభుత్వం సొంత పౌరుల విషయంలో ఈ భారాన్ని దించివేసింది. విదేశాలకు వెళ్లే భారతీయులు డిపార్చర్ కార్డు నింపే పని 2017 జులై 1తో పోయింది. విదేశీయులకు మాత్రం మనమూ 2025 అక్టోబరు 1 నుంచి ఈ-అరైవల్ కార్డు పెట్టాము.

కందుకూరు టు సింగపూర్:
విమాన సంస్థ పంపేది ప్రధానంగా పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, విమానం వివరాలు. ఎక్కడ బస చేస్తారు, ఎప్పుడు తిరిగి వెళతారు, ఆరోగ్యం ఎలా ఉంది, ఇటీవల ఏ దేశాలు తిరిగి వచ్చారు అన్నవి ప్రయాణికుడే చెప్పాలి.

ఉదయగిరి మిత్రులు చెప్పినది నిజం, బాధాకరం. అయితే అబద్ధం రాసే ఏజెంటు కాగితం మీద కూడా అబద్ధమే రాస్తాడు, వేలిముద్ర కూడా వేయించుకుంటాడు. డిజిటల్ కార్డుకైతే నకలు ఉంటుంది. నింపిన తరువాత వచ్చే కాపీని ప్రింటు తీయించి, అందులో ఏమి రాసి ఉందో తెలుగులో చదివి చెప్పేవారు ఒకరు ఉంటే, ఆ మోసం చెన్నై బండి ఎక్కకముందే బయటపడుతుంది.

కావలి పంతులమ్మ:
ఈ-పాస్ విషయం నాకు కొత్త. ఈ రోజే పక్కింటావిడ కూతురికి ఫోన్ చేసి, ఆమె గడువు తేదీ చూడమని చెప్పాను. నకలు ఉంటుందన్న మాటా నిజమే కనుక, కాగితపు ఫారం అన్న నా పట్టును కొంత సడలిస్తున్నాను. అయితే దాని స్థానంలో మనిషి సహాయం ఉండాలి. గ్రామ, వార్డు సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. ప్రయాణికుల ఎదుటే, వారి సొంత ఈ-మెయిల్‌తో ఈ కార్డు ఉచితంగా నింపి, తెలుగులో చదివి వినిపించి, ప్రింటు చేతికి ఇచ్చే పని వారికి అప్పగించమని కలెక్టరుకు అర్జీ పెడదాము.

ఉదయగిరి మెట్ట:
అర్జీ మీద నేనూ సంతకం పెడతాను. అయితే కార్డు నింపే గడువు మూడు రోజులే కనుక ఒక చిక్కు ఉంది. సంక్రాంతికి వరుసగా సెలవులు వస్తే, కనుమ మరునాడు విమానం ఎక్కేవాడికి సచివాలయం తలుపు తెరిచి ఉండదు. సెలవు రోజుల్లో ఫోన్ ఎత్తే మనిషి మండలానికి ఒకరైనా ఉండాలని ఆ అర్జీలోనే రాయండి.