మిల్లు ఫోన్లు ఇంటర్నెట్ లైన్ మీదికి మార్చాలి, తెలిసినవాళ్లు చెప్పండి

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. ఆఫీసు, కాంటా, గోదాము అన్నిచోట్లా ఫోన్లు పాత రాగితీగ ల్యాండ్‌లైన్, ఇంటర్‌కమ్ బాక్స్ మీదే నడుస్తున్నాయి. వాన పడితే చాలు లైన్లో ఒకటే గరగర, అవతల బ్రోకరు రేటు చెప్తుంటే సగమే వినిపిస్తుంది. ఇప్పుడు ఫైబర్ వచ్చింది కాబట్టి సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్ లైన్లు) తీసుకుందామని చూస్తున్నాం.

నా టెన్షన్ అంతా కరెంటు గురించే. రాగి లైన్‌కి ఎక్స్ఛేంజ్ నుంచే కరెంటు వస్తుంది, మిల్లులో పవర్ పోయినా మామూలు ఫోన్ మోగుతుంది. ఫైబర్‌కి మారితే మోడెమ్, నెట్‌వర్క్ స్విచ్, ఫోన్లు అన్నీ మన యూపీఎస్ మీదే బతకాలి. పెద్ద మోటార్లు స్టార్ట్ అయినప్పుడల్లా వోల్టేజ్ పడిపోయే చోట ఎవరైనా ఇది నడుపుతున్నారా, ఎంత యూపీఎస్ పెట్టారు?

ఒక్కో కాల్‌కి సుమారు 100 కేబీపీఎస్ చాలు కాబట్టి స్పీడ్‌తో ఇబ్బంది లేదు. కానీ సీసీ కెమెరాలు కూడా అదే లైన్ మీద ఉన్నాయి, కాల్స్‌కి ముందు దారి ఇచ్చేలా రౌటర్‌లో ఏం సెట్ చేయాలి?

ఇంకోటి, మా పాత నంబరు బియ్యం బస్తాల మీద అచ్చయి ఉంది, రైతులందరికీ అదే తెలుసు. దాన్ని ఎలాగైనా నిలుపుకోవాలి. కొన్నాళ్లు అడాప్టర్ (పాత ఫోన్లను ఇంటర్నెట్ లైన్‌కి కలిపే డబ్బా) పెట్టి పాత లైనూ కొత్త లైనూ రెండూ కలిపి నడిపినవాళ్లు ఉంటే కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.