లైట్లు వేయని పోలీసు కారుకు స్పీడ్ లిమిట్ వర్తించదా?

బ్రిటన్‌లో డ్రైవింగ్ రూల్స్ తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. నిన్న మోటార్‌వే మీద నేను సరిగ్గా లిమిట్ ప్రకారం గంటకు 70 మైళ్ళ వేగంతో వెళ్తుంటే, ఒక పోలీసు కారు రయ్యిమని దాటిపోయింది. నీలం లైట్లు లేవు, సైరన్ లేదు. కాసేపటికి సర్వీసెస్‌లో (దారి పక్కన ఆగి తినే, తాగే చోటు) ఆగితే, అదే కారు పక్కన ఇద్దరు పోలీసులూ తాపీగా కాఫీ తాగుతున్నారు!

1984 నాటి రోడ్ ట్రాఫిక్ రెగ్యులేషన్ యాక్ట్ 87వ సెక్షన్ చూశాను. లిమిట్ పాటిస్తే పోలీసు పనికి ఆటంకం అయ్యేటప్పుడే మినహాయింపు అని నాకు అర్థమైంది. లైట్లు వేసి తీరాలన్న షరతు మాత్రం అందులో కనబడలేదు. మరి మామూలు గస్తీకి కూడా ఈ మినహాయింపు వర్తిస్తుందా? ఆటంకమో కాదో తేల్చేది ఎవరు, ఆ డ్రైవరేనా? నేను అదే వేగంతో దొరికితే కనీసం 100 పౌండ్ల ఫైను, లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లు కదా. డాష్‌క్యామ్ వీడియో ఉంది, ఫిర్యాదు చేస్తే పట్టించుకుంటారా?