అప్‌డేట్: బరంపురం హోటల్లో వాలే పార్కింగ్‌కి ఇచ్చిన కారు సంగతి

పోయిన నెల అడిగాను కదా, బరంపురంలో చుట్టాల పెళ్లికెళ్లి కారు తీసుకెళ్లి పార్క్ చేసిపెట్టే (వాలే) హోటల్ కుర్రాడి చేతికి తాళం ఇస్తే రాత్రికి బంపర్ పగిలి తిరిగొచ్చిందని, అడిగితే "టోకెన్ వెనక ఓనర్ రిస్క్ అని రాసుంది", అంటే ఏం జరిగినా బాధ్యత కారు ఓనర్‌దే అంటున్నారని. సలహా ఇచ్చిన అందరికీ దండాలు.

ఫాస్టాగ్ మెసేజ్‌లు చూసుకోమన్న మాటే నన్ను గట్టెక్కించింది. మేం భోజనాల బంతిలో కూర్చున్న టైమ్‌కి నా కారు టోల్ గేట్ దాటింది! డ్రైవర్ సీటు వెనక్కి జరిపి ఉండటం, మ్యాట్ మీద ఎర్రమట్టి, ఇవన్నీ అప్పుడు అర్థమయ్యాయి. ఆ హైవే మీద ఎవరినైనా గుద్ది ఉంటే పోలీసులు ముందు నా ఇంటికే వచ్చేవాళ్లు, అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

ఒడియా బాగా వచ్చిన మా బావని తీసుకుని మళ్లీ వెళ్లాను. 1998లో ఢిల్లీలో ఒక హోటల్ వాలేకి ఇచ్చిన మారుతి జెన్ పోతే, నిర్లక్ష్యం ఉంటే ఓనర్ రిస్క్ అని రాసుకున్నా హోటల్ తప్పించుకోలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తీర్పు ప్రింట్ మేనేజర్ ముందు పెట్టాం. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తామనీ, కేసు మా ఊరి జిల్లాలోనే వేయొచ్చనీ బావ నెమ్మదిగానే చెప్పాడు. అరగంటలో దిగొచ్చారు. రిపేరు ఖర్చు మొత్తం ఇస్తామని రాసిచ్చారు, సగం అప్పుడే ఇచ్చారు.

తాళంగుత్తిలో ఇంటి తాళం కూడా ఉంది, డ్యాష్‌బోర్డులో అడ్రస్‌తో ఆర్సీ ఉంది. అందుకే ఇంటి తాళం మార్పించాను. కారు ఇంకా షెడ్‌లోనే ఉంది, పెయింట్ మిగిలింది.