నరమేధం జరగలేదనడం నేరం కావాలా?

తుంగభద్ర (ప్రశ్న)

నేను న్యాయశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల మా కళాశాలలో జరిగే వక్తృత్వ పోటీలో, చారిత్రక మారణకాండలను కాదనడాన్ని శిక్షార్హమైన నేరం చేయాలన్న అంశానికి అనుకూలంగా మాట్లాడే వంతు నాకు వచ్చింది. జర్మనీ శిక్షాస్మృతిలోని 130వ సెక్షన్ ప్రకారం, నాజీలు సాగించిన జాతి నిర్మూలనను ప్రజాశాంతికి భంగం కలిగే రీతిలో బహిరంగంగా కాదన్నా, సమర్థించినా, తేలిక చేసి మాట్లాడినా అయిదేళ్ల వరకు జైలుశిక్ష గానీ జరిమానా గానీ విధించవచ్చు. ఈ భాగాన్ని 1994లో చేర్చారు. ఫ్రాన్స్ 1990లో ఇటువంటి కాదనడాన్నే నేరం చేస్తూ గేసో చట్టం తెచ్చింది. ఆస్ట్రియా నాజీవాదాన్ని నిషేధించే తన 1947 నాటి చట్టానికి 1992లో ఇలాంటి నిబంధననే జోడించింది.

చట్టాలు చదివాను గానీ సందేహం తీరలేదు. అరవై లక్షల మంది యూదులను చంపారన్నదానికి ఇన్ని పత్రాలూ, ఇందరు సాక్షులూ ఉండగా, కాదనేవాడి అబద్ధం దానంతటదే వీగిపోదా? వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడాన్ని శిక్షించే సెక్షన్ మన భారతీయ న్యాయ సంహితలో 196వదిగా ఉంది కదా, అటువంటిది సరిపోదా? పెద్దలు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

బెర్లిన్ తెలుగువాడు

పదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను కనుక ఈ చట్టం ఈ నేల మీద ఎలా కనిపిస్తుందో చెబుతాను. మా వీధిలో రొట్టెల దుకాణం ముందు కాలిబాట రాళ్ల మధ్య అరచేతి వెడల్పున ఇత్తడి పలకలు నాలుగు పొదిగి ఉన్నాయి. ఒక్కొక్క దాని మీద "ఇక్కడ నివసించారు" అని, కింద పేరు, పుట్టిన సంవత్సరం, రైలెక్కించి పంపిన తేదీ, చంపిన చోటు. నాలుగింటి మీదా ఇంటిపేరు ఒకటే. చివరిది ఆరేళ్ల పాపది. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన ఈ పలకలు ఇప్పుడు యూరప్ అంతటా లక్షకు పైగా ఉన్నాయి. ఆ ఇంటి ముందు నిలబడి "ఇదంతా కట్టుకథ" అన్నవాడు ఆ కుటుంబంలో మిగిలినవారిని అబద్ధాలకోరులు అంటున్నట్టే.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1994లో చెప్పినదాని సారం కూడా దాదాపు ఇదే. అభిప్రాయానికి రక్షణ ఉంది. అబద్ధమని నిరూపితమైన వాస్తవ ప్రకటనకు ఆ రక్షణ లేదు. నరమేధాన్ని కాదనడం ఇక్కడ నివసిస్తున్న యూదులను అవమానించడమేనని కూడా ఆ న్యాయస్థానం అంగీకరించింది. మీరన్న 196వ సెక్షన్ రెచ్చగొట్టే మాటను పట్టుకుంటుంది. పండితుడి వేషంలో, మెల్లని గొంతుతో, అధోజ్ఞాపికలతో సహా వచ్చే అబద్ధాన్ని అది పట్టుకోవడం కష్టం.

అయితే మరొక సంగతి దాచడం న్యాయం కాదు. ఉర్సులా హావర్‌బెక్ అనే వృద్ధురాలిని ఈ సెక్షన్ కింద పదే పదే శిక్షించారు. 89వ ఏట జైలుకు పంపారు, రెండేళ్లకు పైగా ఉంచారు. బయటికి వచ్చాక కూడా ఆమె తన మాట మార్చుకోలేదు, మళ్లీ శిక్ష పడింది, 2024లో 96వ ఏట మరణించింది. అటువైపువారికి ఆమె ఒక త్యాగమూర్తి అయిపోయింది. అయినా ఈ దేశంలో ఈ చట్టం ఉండాలనే నా అభిప్రాయం.

పాత కాగితాలు

నేను దీనికి విరుద్ధంగా చెబుతాను. ఈ అబద్ధాన్ని అన్నిటికంటే గట్టిగా దెబ్బతీసినది అటువంటి చట్టం లేని దేశంలో జరిగిన దావా. డేవిడ్ ఇర్వింగ్ అనే బ్రిటిష్ రచయిత, తనను నరమేధాన్ని కాదనేవాడని రాసిన అమెరికన్ చరిత్రకారిణి డెబొరా లిప్‌స్టాట్ మీదా, ఆమె ప్రచురణకర్త పెంగ్విన్ మీదా లండన్‌లో పరువునష్టం దావా వేశాడు. అక్కడ రుజువు చేయవలసిన భారం ప్రతివాదిది. అందుకని రిచర్డ్ ఇవాన్స్ అనే చరిత్రకారుడు ఇర్వింగ్ పుస్తకాలను ముందు వేసుకుని, ఒక్కొక్క ఆధారాన్నీ మూలపత్రంతో సరిపోల్చి చూశాడు.

ఏమి బయటపడిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1941 డిసెంబరు 1న నాజీల ఎస్.ఎస్. దళానికి అధిపతి అయిన హిమ్లర్ తన టెలిఫోన్ చిట్టాలో చేతిరాతతో వేసుకున్న ఒక పంక్తికి, ఎస్.ఎస్. పరిపాలనాధికారులు ఉన్నచోటే ఉండాలని అర్థం. అందులో "హాబెన్" అన్న క్రియాపదాన్ని ఇర్వింగ్ "యూడెన్", అంటే యూదులు, అని చదివి, యూదులను కదపవద్దన్న ఆజ్ఞ వెళ్లిందని రాశాడు. చూపు పొరపాటని సరిపెట్టుకోవచ్చు; కానీ ఇవాన్స్ పట్టుకున్న పొరపాట్లన్నీ ఎప్పుడూ హిట్లర్‌కు అనుకూలమైన వైపే మొగ్గాయి. 2000 ఏప్రిల్‌లో న్యాయమూర్తి గ్రే మూడు వందలకు పైగా పుటల తీర్పులో, ఇతడు ఉద్దేశపూర్వకంగానే ఆధారాలను వక్రీకరించాడని తేల్చాడు.

ఆరేళ్లకు ఆస్ట్రియా అదే మనిషికి మూడేళ్ల జైలు వేసింది. ఆ ఏడాది డిసెంబరులోనే విడిచిపెట్టింది. దావాలో గెలిచిన లిప్‌స్టాట్ స్వయంగా ఆ శిక్షకు సంతోషించలేదు. తీర్పు అతని చరిత్ర రచనను బట్టబయలు చేసింది. జైలు అతన్ని మళ్లీ పత్రికల మొదటి పేజీకి ఎక్కించింది.

గుంటూరు న్యాయవాది

పై ఇద్దరూ జర్మనీ, ఆస్ట్రియా చుట్టూనే తిరిగారు. తుర్కియే వైపు కూడా చూడండి. ఇస్తాంబుల్‌లో "అగోస్" పత్రిక నడిపిన ఆర్మేనియన్ సంపాదకుడు హ్రాంట్ డింక్, 1915 నాటి ఆర్మేనియన్ల ఊచకోతను గురించి బాహాటంగా మాట్లాడేవాడు. 2005లో అతనికి ఆ దేశపు శిక్షాస్మృతిలోని 301వ అధికరణ కింద, తుర్కు జాతీయతను కించపరిచాడని శిక్ష పడింది. మరుసటి ఏడు ఫ్రాన్స్ శాసనసభ ఆ ఊచకోతను కాదనడాన్ని నేరం చేయబోయినప్పుడు, దాన్నీ వ్యతిరేకించినవాడు డింకే: అలాంటి చట్టం వస్తే తానే ఫ్రాన్స్ వెళ్లి దాన్ని ఉల్లంఘిస్తానన్నాడు. 2007 జనవరి 19న అతన్ని పత్రిక కార్యాలయం ముందే కాల్చి చంపారు. బాధిత జాతివాడే అలా అనడం మీ ఎదుటి పక్షానికి పెద్ద ఆయుధం, జాగ్రత్త. తర్వాత అలాంటి చట్టాన్నే ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి 2012లో కొట్టివేసింది.

రువాండాలో 1994లో హుటూ తెగ తీవ్రవాదులు లక్షలాది టుట్సీ తెగవారిని చంపారు. విక్తువార్ ఇంగబిరే అనే ప్రతిపక్ష నాయకురాలు 2010లో రాజధాని కిగాలీలోని మృతుల స్మారకం దగ్గర, చనిపోయిన హుటూల గురించి కూడా మాట్లాడాలన్నందుకు కేసుల్లో చిక్కుకుంది. చివరికి సుప్రీంకోర్టు ఆమె శిక్షను పదిహేనేళ్లకు పెంచింది. జర్మనీలో రాజ్యం తన నేరాన్ని ఎవరూ కాదనకుండా చట్టం చేసుకుంది. తుర్కియేలో, రువాండాలో చట్టం ఏలేవారికి అడ్డం వచ్చే మాటను అణచడానికి పనికివచ్చింది. నా దృష్టిలో అసలు తేడా ఇదే.

తుంగభద్ర

కృతజ్ఞతలు. అలాగైతే న్యాయస్థానం నిర్ధారించిన మారణకాండలకు మాత్రమే చట్టాన్ని పరిమితం చేస్తే ప్రభుత్వం ఇష్టారాజ్యం తగ్గుతుంది కదా? గేసో చట్టం, యుద్ధం తర్వాత నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానాన్ని పట్టుకునే నడుస్తోంది.

గుంటూరు న్యాయవాది

తగ్గుతుంది గానీ పోదు. న్యూరెంబర్గ్‌లోనే సోవియట్ ప్రాసిక్యూటర్లు కాటిన్ అడవిలో పోలిష్ అధికారులను చంపింది జర్మన్లని అభియోగం మోపారు. న్యాయమూర్తులు తమ తీర్పులో దాని ఊసెత్తలేదు కనుక బతికిపోయాము. చంపింది తామేనని మాస్కో 1990లో గానీ ఒప్పుకోలేదు. ఇక మా దగ్గరి చుండూరు చూడండి. 1991లో దళితులను చంపి తుంగభద్ర కాలువలో పడేసిన ఆ కేసులో ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, హైకోర్టు 2014లో ఆ శిక్షలను రద్దు చేసింది. నేరం ఎవరిదో రుజువు కాలేదన్న తీర్పును, నేరమే జరగలేదన్నట్టు చదివేవారిని నేను బార్ అసోసియేషన్‌లోనే చూశాను.

తుంగభద్ర

నా వాదనను కుదించుకుంటున్నాను. బతికి ఉన్న సమూహం మీద ద్వేషం రేపే ఉద్దేశంతో కాదంటేనే నేరమని, ఆ ఉద్దేశాన్ని ప్రాసిక్యూషనే రుజువు చేయాలని, పరిశోధనకు మినహాయింపు ఉండాలని చెబుతాను. ఎదుటి పక్షంవారు మాత్రం ఈ పుట చూడకుండా ఉంటే బాగుండును. డింక్ మాటకు నా దగ్గర ఇంకా జవాబు లేదు.