దూలాల మీద ప్లైవుడ్: కిర్రుమనకుండా ఎలా పరచాలి?

ప్రశ్న:
గది 12 x 10 అడుగులు. పాత చెక్కలు పీకేశాను, దూలాలే మిగిలాయి. అవి 10 అడుగుల వైపు పడుకున్నాయి, నడిమి నుంచి నడిమికి 16 అంగుళాలు, పై అంచు 1.5 అంగుళాలు. 18 మి.మీ. ప్లైవుడ్, 8 x 4 షీట్లు ఎన్ని కావాలి? మేకులు చాలవా?

జవాబు 1:
లెక్కకు 4 చాలు, కోత తప్పితే పని ఆగకుండా 5 తెచ్చుకోండి. షీటు పొడవు దూలాలకు అడ్డంగా రావాలి, దాని బలమంతా ఆ వైపే. రెండో వరుస సగం షీటుతో మొదలుపెడితే అతుకులు ఒకే దూలం మీద పడవు. రెండు షీట్ల కొసలు కలిసేచోట ఒక్కోదానికి దక్కేది ముప్పావు అంగుళమే. అందుకే మొదటి షీటు కొస సరిగ్గా దూలం నడిమికి రాకపోతే కోసి సరిచేయండి. షీట్ల మధ్య 3 మి.మీ. సందు తప్పనిసరి. తేమకు ఉబ్బితే అంచులు లేచి నిలబడతాయి.

జవాబు 2:
మేకులొద్దండి. దూలం ఆరేకొద్దీ మేకు పట్టు వదులుతుంది, అడుగు వేసినప్పుడల్లా షీటు దాని మీద రాసుకుంటుంది. కిర్రు చప్పుడు అదే. దూలం మీద 6 మి.మీ. లావున నిర్మాణపు జిగురు గీత పెట్టండి, అతుకు దగ్గర రెండు గీతలు. ఒక్క షీటుకు సరిపడా మాత్రమే పూయండి, పైన పొర కడితే పట్టదు. 8 నంబరు, 2.5 అంగుళాల స్క్రూలు కొసల్లో 6 అంగుళాలకొకటి, మధ్య దూలాల మీద 12 అంగుళాలకొకటి. నిండు షీటుకు 43 పడతాయి. తల కింద కొంత మేర మర లేనివే తీసుకోండి. నిండా మర ఉంటే అది ప్లైవుడ్‌లోనూ పట్టుకుని, షీటును దూలానికి అంటనివ్వదు. బిగించేటప్పుడు షీటు మీదే నిలబడండి. జిప్సం బోర్డుకు వాడే నల్ల స్క్రూలు పెళుసు, తల తెగిపోతుంది.

జవాబు 3:
వీటన్నిటికంటే ముందు ఈ గోడ నుంచి ఆ గోడకు దారం లాగి దూలాల మట్టం చూడండి. ఎత్తుగా ఉన్నది చిత్రిక పట్టండి. దిగిన దాని పక్కన కొత్త చెక్క దారం ఎత్తుకు నిలిపి బిగించండి. పలచటి చెక్కపేళ్లు దూర్చి వదిలేస్తే కొన్నాళ్లకు జారిపోతాయి. పాత మేకుల మొనలు ఒక్కటీ మిగలకూడదు.

ప్రశ్న:
నాలుక-గాడి షీట్లు (ఒకదాని అంచున పొడుచుకొచ్చిన నాలుక పక్కదాని అంచులోని గాడిలో దూరి కూర్చునేవి) దొరక్కపోతే?

జవాబు 3:
పొడవు అంచులు కలిసే గీత కింద, దూలానికీ దూలానికీ మధ్య 14.5 అంగుళాల చెక్కముక్క అడ్డం బిగించండి. దొరికితే నాలుక గోడవైపు, గాడి మీవైపు ఉంచండి. తర్వాతి షీటును గాడి అంచుకు చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టండి. నాలుక మీద దెబ్బ పడితే నలిగిపోతుంది, ఇక అతుకు కూర్చోదు.