గ్రాట్యుటీలో 1,94,360 రికవరీ అంటున్నారు, ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలా వద్దా?

అడిగినవారు (అనంతపురం):
అందరికీ నమస్కారం. మా నాయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో 31 ఏళ్లు అటెండర్‌గా చేసి మొన్ననే రిటైరైనాడు. పెన్షన్ ఫైలు ఆడిట్‌కు పోతే, 2011లో 12 ఏళ్ల సర్వీసుకు ఇచ్చే స్కేలు వేసేటప్పుడు ఒక ఇంక్రిమెంటు ఎక్కువ వేశారని, తర్వాత 2015, 2022 పీఆర్సీల్లో (జీతాల సవరణల్లో) కూడా అదే తప్పు మీద ఫిక్సేషన్ (కొత్త జీతం లెక్క) చేసుకుంటూ వచ్చారని ఇప్పుడు పట్టుకున్నారు. మొత్తం 1,94,360 గ్రాట్యుటీలో పట్టుకుంటారంట. నిన్న క్లర్క్ ఒక టైపు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. "నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను" అని ఉంది, అంకె ఉండాల్సిన చోట ఖాళీ, పక్కన పెన్సిల్‌తో 1,94,360 అని రాసి ఉంది. పెట్టకపోతే ఫైలు కదలదంట. నాయనకు టెన్షన్‌తో రాత్రి నిద్ర లేదు. 2011లో ఆ లెక్క వేసింది ఆఫీసు వాళ్లు, ఆయన కాదు. ఏం చేయాలో చెప్పండి.

జవాబు (ధర్మవరం):
పెట్టేయండి బ్రదర్. గవర్నమెంటుతో కొట్లాడి గెలిచేదెవరు, మిగతా డబ్బైనా చేతికొస్తుంది. మా మామకూ ఇట్లనే అయింది, సంతకం పెట్టేసి పీడ వదిలించుకున్నాడు.

జవాబు (కడప, రిటైర్డ్ సూపరింటెండెంట్):
పై సలహా వినొద్దు నాయనా, సంతకం పెట్టొద్దు. ముప్పై ఏళ్లు నేనూ ఇట్లాంటి ఫైళ్లే రాశాను, ఆ కాగితం ఎందుకు అడుగుతారో నాకు తెలుసు: రేపు కోర్టుకు పోతే "ఆయనే ఒప్పుకున్నాడు కదా" అని చూపించడానికి. ఫైలు ఆపే అధికారం ఆ క్లర్క్‌కు లేదు, అయినా ఆపుతాడు, అది వేరే సంగతి.

సుప్రీంకోర్టు 2014 డిసెంబరు 18న ఇచ్చిన తీర్పు ఉంది, స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ రఫీక్ మసీహ్. ఆఫీసు పొరపాటున ఎక్కువ జీతం ఇస్తే ఎవరి దగ్గర రికవరీ చేయకూడదో అందులో చెప్పారు. క్లాస్ 3, క్లాస్ 4 ఉద్యోగులు, రిటైరైనవాళ్లు లేదా ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్లు, ఐదేళ్లకు మించి ఎక్కువ చెల్లింపు జరిగిన కేసులు. మీ నాయనకు ఈ మూడూ వర్తిస్తాయి. ఆయన లాస్ట్ గ్రేడ్ అంటే క్లాస్ 4, రిటైరైనాడు, తప్పు 2011 నాటిది. 2022లో థామస్ డేనియల్ అనే కేరళ టీచర్ కేసులో కూడా, రిటైరైన తర్వాత అదనపు ఇంక్రిమెంట్ల సొమ్ము అడగడం చెల్లదని సుప్రీంకోర్టే కొట్టేసింది.

కానీ ఒకటి గుర్తుపెట్టుకో. రికవరీ వేరు, సరిచేయడం వేరు. తప్పు ఫిక్సేషన్ సరిచేసి దాని ప్రకారం పెన్షన్ కట్టే హక్కు వాళ్లకుంది, నెలకు కొంచెం తగ్గొచ్చు. దానికి సిద్ధంగా ఉండండి. వెనకటి డబ్బు అడగడమే కుదరదు.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ సార్. ఇంకో సందేహం. పీఆర్సీ ఆప్షన్ ఫారంలో "ఎక్కువ చెల్లిస్తే తిరిగి కడతాను" అని ఏదో ఉంటదంట కదా?

జవాబు (కర్నూలు, సర్వీసు కేసులు చూసే లాయరు):
మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. 2016లో జగదేవ్ సింగ్ కేసులో అలాంటి హామీ రాసిచ్చిన జడ్జి మీద రికవరీని సుప్రీంకోర్టు సమర్థించింది. ఆయన పెద్ద హోదాలో ఉన్నవారు, మీ నాయన అటెండరు, కాబట్టి తేడా వాదించవచ్చు. అయినా ముందు ఆ కాగితం ఉందో లేదో తెలుసుకోండి, ఎదుటివాళ్లు చూపించేవరకు ఆగొద్దు. సమాచార హక్కు (ఆర్టీఐ) కింద సర్వీసు రిజిస్టర్ జిరాక్సు, 2011 ఫిక్సేషన్ ప్రొసీడింగ్స్, ఆప్షన్ ఫారాలు, ఆడిట్ అభ్యంతరం కాపీ అడగండి. జిల్లా స్థాయి ఆఫీసు అయితే ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, జవాబుకు 30 రోజులు గడువు. నాయన పేరుతోనే పెట్టండి, నీ పేరుతో పెడితే వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపుతారు.

ఇప్పుడు ఈ ఒప్పంద పత్రానికి బదులు ఒక పేజీ రిప్రజెంటేషన్ (విన్నపం) ఇవ్వండి. భాష సాదాగా ఉండాలి, ఇట్లా:

"2011 నాటి పే ఫిక్సేషన్‌లో నా వైపు నుంచి ఎలాంటి తప్పుడు సమాచారం లేదు. నోటీసు ఇవ్వకుండా, నా జవాబు తీసుకోకుండా రికవరీ చేయడం సహజ న్యాయానికి విరుద్ధం. రఫీక్ మసీహ్ తీర్పు ప్రకారం నా గ్రాట్యుటీ నుంచి రికవరీ చేయవద్దని, ఇప్పటికే ఉత్తర్వులు ఇచ్చి ఉంటే రద్దు చేయమని కోరుతున్నాను."

తప్పుడు సర్టిఫికెట్ పెట్టడమో, లెక్క దాచడమో మీవైపు నుంచి జరిగి ఉంటే ఈ తీర్పు ఉపయోగపడదు, అందుకే మొదటి వాక్యం ముఖ్యం.

అప్పటికీ రికవరీ ఉత్తర్వు ఇస్తే అమరావతి హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి స్టే (రికవరీ తాత్కాలికంగా ఆపమని) అడగాలి. ఒకప్పుడు మన రాష్ట్ర ఉద్యోగులు సర్వీసు కేసులు చూసే ట్రిబ్యునల్‌కు పోయేవారు, అది రద్దయింది, ఇప్పుడు నేరుగా హైకోర్టే. కర్నూలులో బెంచ్ పెట్టాలని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది, 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి మనం వింటున్న మాటే అది, అంతవరకు బస్సెక్కాల్సిందే.

జవాబు (ధర్మవరం):
అయితే మా మామ అనవసరంగా కట్టేశాడన్నమాట. ఇప్పుడేమైనా చేయొచ్చా?

జవాబు (కర్నూలు లాయరు):
ఎప్పుడు కట్టారు, ఏం సంతకం పెట్టారు అనేదాన్ని బట్టి ఉంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ కోర్టులో వాదన బలహీనపడుతుంది. కాగితాలు పట్టుకొని ఎవరినైనా కలవండి.

అడిగినవారు (ఆరు రోజుల తర్వాత):
అప్డేట్. రిప్రజెంటేషన్ తీసుకుని నాయనే పోయినాడు, నేను వెంట ఉన్నా. ఇన్‌వర్డ్‌లో (కాగితాలు తీసుకునే చోట) క్లర్క్ మొదట "సార్ లంచ్‌కి పోయినారు, రేపు రండి" అన్నాడు. నాయన "పర్వాలేదు, కూర్చుంటాం" అని బల్ల మీద కూర్చున్నాడు. ఆ బల్ల మీద ముప్పై ఏళ్లు ఎంతమందిని కూర్చోబెట్టినాడో, అది తలుచుకుని నవ్వుకున్నాడు పాపం. మూడున్నరకు స్టాంపు వేసి తేదీ రాసి ఇచ్చినారు. ఆర్టీఐ కూడా అదే రోజు ఇచ్చేశాం. ఒప్పంద పత్రం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. డబ్బు మాత్రం ఇంకా రాలేదు.

జవాబు (కడప, రిటైర్డ్ సూపరింటెండెంట్):
భలే. ఆ స్టాంపు వేసిన కాపీని ఈరోజే ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో పెట్టు నాయనా. మన ఆఫీసుల స్టాంపు ఇంకు రెండేళ్లకు వెలిసిపోతుంది, తర్వాత తేదీ కనపడదు.