విమాన ఇంధనంపై పన్ను వేసి, ఆ సొమ్ముతో రైళ్లు, విద్యుత్ బస్సులు నడపవచ్చునా?

చీపురుపల్లి చదువరి: భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ ఇప్పుడు విమానాల మాటే వినిపిస్తోంది. కిలో విమాన ఇంధనం మండితే సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. అయినా దానిపై మన రాష్ట్రం వేసే వ్యాట్ 1 శాతమే కాగా, డీజిలుపై 22.25 శాతం, ఆపైన లీటరుకు అదనపు రుసుము కూడా ఉంది. విమాన ఇంధనంపై పన్ను కొంత పెంచి, ఆ రాబడిని గుణుపురం ప్యాసింజరు వంటి రైళ్లకు, విద్యుత్ బస్సులకు కేటాయించడం సాధ్యమేనా?

బొబ్బిలి వీణ: అయ్యా, రాష్ట్రం ఒక్కటే పెంచితే ఫలితం ఉండదు. పన్ను తక్కువ ఉన్న ఊళ్లో ట్యాంకు నిండా నింపుకొని, ఎక్కువ ఉన్న చోట చుక్క కూడా కొనకుండా తిరిగిపోవడం విమాన సంస్థలకు అలవాటే. తమిళనాడు 29 శాతం వ్యాట్ వేస్తున్నప్పుడు మనవారు 2015లో 16 నుంచి 1 శాతానికి దిగివచ్చింది విమానాలను ఇటు రప్పించుకోవడానికే. పైగా వ్యాట్ రాష్ట్రానిది, రైలు కేంద్రానిది. కాబట్టి దేశమంతటా ఒకే రీతిలో ఉండే కేంద్ర ఎక్సైజు సుంకమే దీనికి తగిన సాధనం. దానిని 2018లో 14 నుంచి 11 శాతానికి తగ్గించారు.

ఉద్దానం వాసి: మా ఊళ్ల నుంచి వెల్డింగు పనులకు గల్ఫు వెళ్లే కుర్రాళ్లు అప్పు చేసి టికెట్టు కొంటారు. ఈ భారం వారి మీద కూడా పడుతుందా?

బొబ్బిలి వీణ: గల్ఫు ప్రయాణంపై నేరుగా పడదండి. విదేశం నుంచి వచ్చే విమానం ట్యాంకులో ఉన్న ఇంధనంపై పన్ను వేయరాదని 1944 నాటి షికాగో ఒప్పందం 24వ అధికరణం చెబుతోంది. ఇక్కడ నింపుకొనే ఇంధనానికి సైతం ద్వైపాక్షిక ఒప్పందాలు సాధారణంగా మినహాయింపు ఇస్తాయి. హైదరాబాదు దాకా దేశీయ విమానం ఎక్కితే మాత్రం ఆ మేరకు పడుతుంది.

ఆమదాలవలస ప్రయాణికుడు: పన్ను వేయడం కన్నా ఆ సొమ్మును దారి తప్పకుండా చూడడమే కష్టం. 2010లో బొగ్గుపై టన్నుకు 50 రూపాయలతో మొదలైన స్వచ్ఛ ఇంధన సెస్సు 2016 నాటికి 400 రూపాయలకు చేరింది. 2017లో జీఎస్టీ రాగానే దాని స్థానంలో వచ్చిన సెస్సు రాష్ట్రాల నష్టపరిహారానికి మళ్లింది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కోసం 2016 నుంచి దేశీయ విమానాలపై వసూలవుతున్న రుసుము చూడండి, అది మరిన్ని విమానాలు నడపడానికే పోతోంది! అందువల్ల ఏ మార్గంలో ఎన్ని బస్సులు, ఎన్ని బోగీలు అన్నది పన్ను చట్టంలోనే రాయాలి. నన్నడిగితే, శ్రీకాకుళం రోడ్డు అని పేరు పెట్టుకుని మా ఊళ్లో ఉన్న స్టేషను నుంచి జిల్లా కేంద్రానికి, ప్రతి రైలు వేళకూ ఒక విద్యుత్ బస్సుతో మొదలుపెట్టమంటాను.